సావిత్రీ, నేనూ, మూడో స్థానం

మొన్న ఆదివారం మా మేనకోడలు వచ్చింది. మా తమ్ముడి కూతురు. కలకత్తా న్యూటౌన్‌లో కంప్యూటర్ ఉద్యోగం. వచ్చే నెల ఊళ్ళో జరిగే పది కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చిందట. కాళ్ళకి గులాబీరంగు బూట్లు, చేతికి ఒక గడియారం. రాత్రి తను ఎంతసేపు నిద్రపోయిందో, ఆ నిద్ర ఎంత నాసిరకంగా ఉందో పొద్దున్నే ఆ గడియారం దానికి చెబుతుంది. మా రోజుల్లో ఆ పని మా అమ్మ చేసేది, కాస్త గొంతు పెంచి. "అత్తా, నువ్వు అప్పట్లో రన్నర్‌వి కదా, టిప్స్ చెప్పు. పాయింట్లుగా చెప్తే ఫోన్లో కొట్టుకుంటాను. తెలుగులో మాత్రం రాసివ్వకు, చదవలేను" అంది. పరుగు గురించి నాకు తెలిసిన ఏ సంగతీ పాయింటుగా రాలేదు. ఒక్కోటీ ఒక్కో కాలిగోరు ఊడగొట్టి వచ్చింది. అయినా పిల్ల అడిగింది కదా అని, గోళ్ళు పొట్టిగా తీసుకో, కొత్త బూట్లతో పోటీకి వెళ్ళకు, మొదటి మైల్లో నిన్ను దాటిపోయేవాళ్ళని పోనీ అని చెప్పాను. ఇవి తన ఫోన్లో ఇంతకుముందే ఉన్నాయని తేలింది. ఫోన్లో లేని సంగతి ఒకటుంది. అది చెబుదామనుకునేలోపు గడియారం ఏదో గుర్తుచేసిందని లేచి వెళ్ళిపోయింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను. తెలుగులో రాస్తున్నాను కనక అది చదువుతుందన్న భయం లేదు.

మేం ఏక్‌బాల్‌పూర్‌లో ఉండేవాళ్ళం. నాన్న శ్రీకాకుళం సముద్రపొడ్డున వలలు లాగి, అక్కడ కడుపు నిండక కలకత్తా రేవుకొచ్చి ఓడల్లోంచి బస్తాలు దించాడు. మాది ఒక గది, ముందు మంచం పట్టేంత వరండా. ఎనిమిది ఇళ్ళకి ఒకటే కుళాయి. పొద్దున్నే సందంతా బొగ్గులపొయ్యిల పొగ కమ్మేసేది. పొగ పలచబడ్డాక ఆవనూనె వాసన పక్కింటిది, ఎండుచేపల వాసన మాది. వాళ్ళ నూనెకి మేం ముక్కు మూసుకునేవాళ్ళం, మా చేపకి వాళ్ళు మూసుకునేవాళ్ళు. కష్టజీవులంతా ఒకటేనని ఎదురుగోడ మీద ఎర్రరంగుతో పెద్దక్షరాల్లో రాసి ఉండేది కనక ఎవరూ పైకేమీ అనుకునేవాళ్ళు కాదు. మధ్యాహ్నం రేవు గేటు దగ్గర అన్నం కేరియర్లు లోపలికి తీసుకునేది కొద్దిసేపే. కుళాయి వరస మా ఇంటిదాకా వచ్చి, అమ్మ వంట ముగించేసరికి ఆ కొద్దిసేపులో సగం అయిపోయేది. "ఒలే నర్సమ్మా, బేగెల్లు. సారు ఒలకనీకు. ఒలికిందంటే మీ అయ్య నోరెత్తడు, కాలీ గిన్ని అట్టుకొచ్చి నా ముందెడతాడు" అనేది అమ్మ. అలా నేను పరుగు నేర్చుకున్నాను. చేతిలో చారు ఉన్నవాళ్ళు ఎగిరెగిరి పరిగెత్తరు. మొదట్లోనే దూకుడుగా పోరు. భుజాలు కదలవు, అడుగు నేలకి దగ్గరగా పడుతుంది. పెద్దయ్యాక ఒక శిక్షకుడు ఇదే విషయాన్ని బొమ్మలు గీసి గంటసేపు వివరించాడు. మా అమ్మ ఒక్క ముక్కలో చెప్పింది, పైగా గరిటె చూపించి.

సందులో ఆడవాళ్ళకి మాత్రం నా పరుగు అంతుబట్టేది కాదు. "ఎవులు తరుముతన్నారే నిన్ను?" అని అడిగేవాళ్ళు. ఎవరూ తరమకుండా ఆడపిల్ల పరిగెత్తడమేమిటన్నది వాళ్ళ సందేహం. హరిపద దాకి ఆ సందేహం రాలేదు. బెంగాలీలో దా అంటే అన్న. ఆయన రేవు ఆఫీసులో గుమాస్తా, మా పేట క్లబ్బుకి క్రీడా కార్యదర్శి. క్లబ్బంటే ఒక కేరం బోర్డు, కాళీపూజ రసీదు పుస్తకాలు, సాయంత్రాలు కరెంటు పోయినప్పుడు ప్రపంచ రాజకీయాలు. ఒకరోజు కేరియర్‌తో వెళ్తున్న నన్ను ఆపి పేరడిగాడు. అప్పలనర్సమ్మ అన్నాను. రెండుసార్లు ప్రయత్నించి, క్లబ్బు పుస్తకంలో 'నర్మద' అని రాసుకున్నాడు. పలకడానికి తేలికట. పుట్టినప్పుడు మా నాయనమ్మ మొక్కుకుని పెట్టిన పేరు అంత తేలిగ్గా పోయింది.

హరిపద దా జీవితంలో పరిగెత్తింది కదులుతున్న ట్రాము వెనకాల మాత్రమే. అయినా పరుగు మీద ఆయనకి లేని సిద్ధాంతం లేదు. పరుగులో మంచినీళ్ళు విషం. నానబెట్టిన శనగలు అమృతం. పరుగుకి ముందు నవ్వితే ఊపిరి వృథా. నీళ్ళ సిద్ధాంతం వల్ల నేను మైదానంలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాను. లేపి కూచోబెట్టి, శనగలు సరిగ్గా నానలేదని తేల్చాడు. నెలసరి రోజుల గురించి మాత్రం ఆయనకి సిద్ధాంతమేమీ లేదు, అది మా అదృష్టం. ఆ విషయంలో నాకు గురువు సావిత్రి.

సావిత్రి వాళ్ళది సంత్రాగాఛి. వాళ్ళ నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్, పలాస పక్క ఊరు. పొద్దున్నే లోకల్లో హౌరా వచ్చి, లాంచీలో గంగ దాటి మైదానానికి వచ్చేది. మొదటిరోజు నేను తన పరుగుని చూస్తూ నిలబడిపోతే, ఆగి, "ఏటలా సూత్తన్నావు? తెలుగుదానివి నాగున్నావు" అంది. నా మొహం మీద ఏం రాసుందో నాకిప్పటికీ తెలీదు. నాకన్నా రెండేళ్ళు పెద్దది, బెత్తెడు పొడుగు. నడుస్తున్నప్పుడు ఎడమకాలు కొంచెం బరువుగా వేసేది. పరిగెత్తేటప్పుడు ఆ కాలు నేలని కొట్టిన చప్పుడు వేరుగా వినపడేది. తొడలు ఒరుసుకోకుండా కొబ్బరినూనె రాసుకోవాలని, నెలసరి గుడ్డ ఎలా మడిచి కట్టుకోవాలో, పరుగుకి రెండు గంటల ముందు తినేది చద్దన్నమే అయినా కడుపుకి అలవాటైంది తినాలని, పిక్క పట్టేస్తే మర్నాడు పడుకోవాలి తప్ప పంతానికి పోకూడదని తనే నేర్పింది. నీళ్ళ సీసా చీరచెంగులో చుట్టి తెచ్చి, హరిపద దా అటు తిరిగినప్పుడు నాకిచ్చేది. బంద్ వచ్చిందంటే నాకు పండగ. బస్సుల్లేవు, లారీల్లేవు, ఖిదిర్‌పూర్ రోడ్డంతా నాదే. ప్రభుత్వంలో ఉన్నవాళ్ళే బంద్ చేయించేవాళ్ళు కనక ఏ లోటూ లేకుండా జరిగేది. సావిత్రికి మాత్రం ఆరోజు రైలుండేది కాదు. "మీ బందులేటో, మీ పరుగులేటో. నాను పట్టాలెంట పరిగెట్టినాను" అనేది మర్నాడు. రైళ్ళు నడవని రోజు రైలుపట్టాల పక్కన పరిగెత్తిన మనిషి అది.

ఆ చలికాలం ఒక సర్కారీ ఆఫీసువాళ్ళు ఆడపిల్లలకి పది కిలోమీటర్ల రోడ్డు పరుగు పెట్టారు. మొదటి ముగ్గురికి క్రీడల కోటాలో ఉద్యోగం. ఆఫీసు పేరు రాయను, అందులోనే నా పింఛను వస్తోంది. ఉద్యోగమంటే మా ఇళ్ళల్లో ఏమిటో ఇప్పటివాళ్ళకి చెప్పడం కష్టం. నాన్న నడుం అప్పటికే వంగింది. సావిత్రి వాళ్ళ నాన్న రిటైరైతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి, వాళ్ళకి ఊళ్ళో తిరిగి వెళ్ళడానికి గోడ కూడా లేదు. మేమిద్దరం మొదటి ముగ్గురిలో ఉంటామని మాకు అనుమానం లేదు. ఆరోజు పొద్దున్న హరిపద దా క్లబ్బు తరఫున నాకు తెల్లటి కొత్త కెడ్స్ బూట్లు తెచ్చాడు. పాతవాటితో పరిగెడతానన్నాను. "ఫొటో తీస్తారు, అతిథిగా పెద్ద నాయకుడొస్తున్నాడు, క్లబ్బు పరువు" అన్నాడు. క్లబ్బు పరువు నా పాదాలకన్నా ఒక సైజు చిన్నదని నాలుగో కిలోమీటరుకి తెలిసింది. ఆరోదానికి మడమల దగ్గర సాక్సు తడిసింది. హేస్టింగ్స్ దాటాక పేవ్‌మెంటు మీద కూచుండిపోయాను.

అక్కడ నాన్న ఉన్నాడు. నా పరుగుల గురించి ఒక్కసారీ మాట్లాడని మనిషి, ఆ పూట పని ఎగ్గొట్టి తోటివాళ్ళు నలుగురితో వచ్చి నిలబడ్డాడు. దగ్గరకొచ్చి బూట్లు విప్పాడు. "ఏటే, దొరసానివా? పుట్టినకాడ్నించి నీకు జోళ్ళున్నాయేటి? ఎల్లు" అని, వాటిని చంకలో పెట్టుకున్నాడు. మిగతా దూరం తారు మీద ఉత్తకాళ్ళతో పరిగెత్తాను. నాలుగోదాన్నయ్యాను. ఫొటోలో నా మొహం ఒక్కటే పడింది, కెడ్స్ పడలేదు.

సావిత్రి రెండోది. మూడో స్థానంలో వచ్చిన అమ్మాయి నిర్వాహకుల్లో ఒక దాదాకి చెల్లెలి కూతురు. ఆ పిల్ల మొహం మీది పౌడరు చెదరలేదు. దారిలో నాకు ఆ పిల్ల ఎక్కడా కనపడలేదు కూడా. పరుగయ్యాక లాంచీ రేవు దగ్గర మరమరాలు తింటూ సావిత్రి నెమ్మదిగా చెప్పింది: "ఆ గుంట స్కూటరు మీదొచ్చినాది. నాకు ముప్పై గజాల ముందట దిగి, జడ సద్దుకుని, అప్పుడు పరుగెట్టినాది. నాను రెండు నిమిషాల్లో దాటీసినాను." నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి కమిటీకి చెప్పమన్నాను. సావిత్రి మరమరాల పొట్లం మడిచి, "నాకొచ్చీసింది కదే ఉద్దోగం. మా అయ్యతో ఓమాట అడిగి..." అంది. "నీకొచ్చింది కనక నీకేం? నా స్థానం దొంగతనం చేస్తే చూస్తూ ఊరుకుంటావా? చెప్పకపోతే నాతో మాట్లాడకు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు న్యాయం కోసం అంటున్నాననే అనుకున్నాను. న్యాయం జరిగితే ఉద్యోగం నాకొస్తుందన్నది పక్కనే ఉన్న చిన్న విషయం.

సావిత్రి వెళ్ళి చెప్పింది. వాళ్ళ నాన్న వద్దన్నా వెళ్ళింది. విచారణకి అయిదుగురితో ఉపసంఘం వేశారు. మొదటి సమావేశంలో టీ వచ్చింది. రెండోది ఊరేగింపు వల్ల వాయిదా పడింది. మూడోదాంట్లో సావిత్రిని నిలబెట్టి, స్కూటర్ నంబరు ఎందుకు రాసుకోలేదని అడిగారు. పరిగెడుతున్నానంది. అయితే అంత స్పష్టంగా ఎలా చూశావన్నారు. అయినా అది మాట మార్చలేదు. ఎండాకాలం వచ్చాక ఉపసంఘం ఎవరి మనసూ నొప్పించని తీర్పిచ్చింది: పోటీలో అవకతవకలు జరిగినట్టు అనుమానం ఉన్నందున మొత్తం ఫలితాలు రద్దు, వచ్చే చలికాలం మళ్ళీ పోటీ. అంటే స్కూటరు మీద వచ్చినదానికీ, కాళ్ళ మీద వచ్చినవాళ్ళకీ ఒకటే శిక్ష. దాదాగారి మేనకోడలు మూణ్ణెల్లలో ఇంకో ఆఫీసులో చేరింది, ఈసారి పరిగెత్తే శ్రమ కూడా లేకుండా. సావిత్రి ఉద్యోగం పోయింది.

నేను దాని దగ్గరకి వెళ్ళి ఏమైనా అనాలి. అనలేదు. అది మాత్రం మర్నాడు ఎప్పట్లాగే లాంచీ దిగి వచ్చి, "ఇయ్యాల ఎంత దూరం?" అని అడిగింది. వానాకాలంలో దానికి కామెర్లు పట్టుకున్నాయి. రెండు నెలలు రాలేదు. మళ్ళీ వచ్చేసరికి జాకెట్టు చేతులు వదులైపోయాయి. అయినా పరిగెత్తింది. శక్తి తగ్గినవాళ్ళు పరుగు మానరు, పరుగులో పొదుపు నేర్చుకుంటారు. మోచేతులు దగ్గర పెట్టుకుంది, గాలికి నా వెనక నక్కింది, మలుపుల్లో లోపలి అంచు పట్టుకుంది. నేను వాటన్నిటినీ చూసి నేర్చుకున్నాను. నాకున్న ఈ సుగుణాన్ని ఎవరూ మెచ్చుకోలేదు.

రెండో పరుగు రోజున పాత బూట్లే వేసుకున్నాను. హరిపద దా ఏమీ అనలేదు. నాయకుడు ఈసారి రావడంలేదు. మొదటి మైల్లో పది మంది నన్ను దాటిపోయారు, పోనిచ్చాను. సగం దారిలో ఎనిమిదిమందిని మళ్ళీ దాటాను. ముందు ఇద్దరు మిగిలారు, వాళ్ళు అందేలా లేరు. రెడ్ రోడ్డు మీదకి తిరిగాక నా వెనక చప్పుడు వినపడింది. ఒక అడుగు తేలిక, ఒక అడుగు బరువు. ఎవరో తెలుసుకోడానికి తిరిగి చూడక్కర్లేదు. ఆఖరి ముప్పాతిక కిలోమీటరు ఆ అడుగులు నా వీపుకి చేయెడు దూరంలో ఉన్నాయి. అప్పుడు నా బుర్రలో ఏం జరిగిందో స్పష్టంగా గుర్తుంది. దాని ఉద్యోగం నా వల్ల పోయిందని గుర్తుంది. కామెర్లు గుర్తున్నాయి, క్వార్టర్ గుర్తుంది. ఒక్క అడుగు తగ్గిస్తే చాలని కూడా తెలుసు. జారినట్టు నటించనక్కర్లేదు, అలిసిపోయినట్టు ఉంటే సరిపోయేది, నిజంగానే అలిసిపోయాను. ఇప్పుడు కావాలంటే తగ్గించానని రాసుకోవచ్చు, ఆరోజు చూసినవాళ్ళలో చాలామంది పోయారు. తగ్గించలేదు. పళ్ళు బిగించి, అమ్మ చేతి చారు మొత్తం ఒలికిపోయినా సరే అన్నట్టు పరిగెత్తాను. నేను మూడు, సావిత్రి నాలుగు. తేడా ఒక జానెడు.

నాకు ఉద్యోగం ఇచ్చారు. పరిగెత్తినందుకు మెచ్చి, ముప్పై ఏళ్ళు కుర్చీలో కూచోబెట్టారు. ఫైలు ఒక బల్ల నుంచి పక్క బల్లకి వెళ్ళడానికి పట్టే కాలం చూశాక, వేగానికి లోకంలో ఎంత విలువుందో తెలిసింది. నాన్న బస్తాలు మొయ్యడం మానేసి వరండా మంచం మీద కూచున్నాడు. తమ్ముడు చదువుకున్నాడు, అందుకే వాడి కూతురికి ఆ గడియారం వచ్చింది. ఇప్పుడు వేలమంది ఒకే రంగు చొక్కాలేసుకుని ఆదివారం పొద్దున్న పరిగెడతారు, దారిపొడుగునా నీళ్ళు అందిస్తారు, ఆఖర్న వచ్చినవాళ్ళకీ పతకం వేస్తారు. మంచిదే. ఓడిపోయినవాళ్ళు లేని పోటీలో వెనక అడుగుల చప్పుడు ఎవరిదో వినాల్సిన పని లేదు. మా మేనకోడలైతే చెవుల్లో పాటలు పెట్టుకునే పరిగెడుతుంది. నేనూ ఆ యుగంలో పుట్టి ఉంటే మంచిమనిషిగానే మిగిలిపోయేదాన్నేమో, పరీక్ష పెట్టేవాళ్ళు లేక.

ఉద్యోగం కాగితం చేతికొచ్చిన వారానికి సంత్రాగాఛి వెళ్ళాను. లోకల్లో కూచోడానికి చోటున్నా నిలబడే వెళ్ళాను. అనాల్సిన మాటలు హౌరా నుంచి మనసులో కూర్చుకుంటూ ఉన్నాను. క్వార్టర్ వెనక పెరట్లో సావిత్రి చేపలు తోముతోంది. వాళ్ళమ్మ నాకు పీట వేసి లోపలికి వెళ్ళింది. కూచోగానే కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. "నేను ఆరోజు వెనక నువ్వున్నావని..." అని మొదలెట్టి ఆగిపోయాను.

"నాకు తెలుసు. నా అడుగు నీకు తెల్దేటి?" అంది తలెత్తకుండా.

"ఒక్క అడుగు తగ్గించి ఉంటే..."

"తగ్గించుంటే దాటీసేదాన్ని. నీకోసం ఆగేదాన్ననుకున్నావేటి?" చేపకి బూడిద రాసి తిప్పింది. ఇంకో చేప అందుకుంది. తర్వాత, "కమిటీకాడ సెప్పమన్నప్పుడు నీమీద కోపమొచ్చినాది. సానా కోపం. నువ్వు నీకోసం సెప్పమన్నావు. నాను నాకోసం సెప్పినాను. స్కూటరెక్కొచ్చినదాని పక్కన నిలబడి సంతకాలెట్టడం నాకిష్టం నేదు. అంచేత అది నీ కాతాలో ఏసుకోకు" అంది.

నేను ఏడవడం మొదలెట్టాను. అది చూసి విసుక్కుంది. "ఊరుకో. మా యమ్మ సూసిందంటే మీ ఇంట్లో ఎవులో పోనారనుకుంటాది" అని, చేపల గిన్నె కుళాయి కింద పెట్టింది. చేతులు కడుక్కుని చెంగుకి తుడుచుకుంటూ, "ఆదోరం కాళీయేనా నీకు? ఆపీసోళ్ళు ఆదోరాలు కూడా కూకోబెట్టీసినారేటి?" అని అడిగింది.

ఖాళీయేనన్నాను.

"అయితే పొద్దున్న మొదటి లోకల్‌కి వొచ్చీ. పట్టాల పక్కన ఒక్కదాన్నీ ఎల్తంటే కుక్కలు ఎంటపడతన్నాయి. ఇద్దరుంటే కాస్త ఆలోసిస్తాయి."

ఆ ఆదివారం వెళ్ళాను. కుక్కలేమీ ఆలోచించలేదు. ఇద్దరినీ యార్డు చివరిదాకా తరిమాయి. ఆరోజు కూడా గెలిచింది నేనే.